ఏ కర్క్యుమిన్ కావాలి?

ఫిబ్రవరి వచ్చిందంటే ఎం.ఫార్మసీ పిల్లల ఫోన్లు మొదలవుతాయి. ప్రాజెక్టు రిపోర్టు గడువు దగ్గర పడుతుంటుంది. గైడుగారు "కొంచెం డాకింగ్ కూడా పెట్టమ్మా, నిండుగా ఉంటుంది" అంటారు. ఎవరో నా నంబరు ఇస్తారు. ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మేడమ్, ఈ కాంపౌండ్‌కి త్రీడీ స్ట్రక్చర్ ఫైలు ఎక్కడ దొరుకుతుంది?" పబ్‌కెమ్ అనే ఆన్‌లైన్ ఖజానా పేరు ఒక్క ముక్క చెప్పి ఫోను పెట్టేయొచ్చు. నేను పెట్టను. ఏ కాంపౌండు, అందులో ఏ రూపం, దేనికోసం అని ఎదురు అడుగుతాను. ఫైలు అడిగితే వైవా మొదలెట్టిందేమిటి ఈవిడ అనుకుంటారు కాబోలు, అవతలి వైపు మాట ఉండదు కాసేపు.

నా ఉద్యోగం హైదరాబాదు శివార్లలో ఒక కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలో. రియాక్షన్లు పెట్టేవాళ్లు పక్క బిల్డింగులో ఉంటారు. మేం కొద్దిమందిమి కంప్యూటర్ల ముందు కూర్చుని ఏ అణువు ఏ ప్రొటీన్‌లో ఎలా ఇముడుతుందో లెక్కగడతాం, డాకింగ్ అంటే ఇదే. "మీకేం మేడమ్, ఏసీలో కూర్చుని బొమ్మలు తిప్పుకుంటారు" అని సింథసిస్ వాళ్ల ఎకసెక్కం. సాల్వెంట్ వాసన లేనిమాట నిజమే. కానీ వాళ్లకు సీసా మీద లేబులు ఉంటుంది, దాని మీద అనుమానం వస్తే ఎన్‌ఎంఆర్ తీసి చూసుకుంటారు. మాకు వచ్చేది ఫైలు. అది అబద్ధం చెబుతోందో లేదో ఆ ఫైలునే అడిగి తెలుసుకోవాలి. నా పనిలో సగం ఈ అడగడమే.

అందుకే పిల్లలతో మొదట ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిపిస్తాను. ఆస్పిరిన్‌కు పబ్‌కెమ్‌లో నంబరు 2244. దాన్ని ఎస్‌డీఎఫ్‌గా దించుకుని తెరిస్తే రంగులూ ఉండవు, గుండ్లూ పుల్లలూ ఉండవు, అన్నీ అంకెలే. పైన మూడు వరసల్లో పేరూ పుట్టుపూర్వోత్తరాలూ. నాలుగో వరస మొదట్లో 21, 21 అని రెండు సంఖ్యలు: 21 పరమాణువులు, 21 బంధాలు. ఆ కింద ఒక్కో పరమాణువుకు ఒక్కో వరస, అది ఏ మూలకమో, మూడు దిక్కుల్లో ఎక్కడుందో. ఆ తర్వాత ఒక్కో బంధానికి ఒక్కో వరస, ఎన్నో పరమాణువు నుంచి ఎన్నోదానికో, ఒంటి బంధమో జంట బంధమో. చివర నాలుగు డాలర్ గుర్తులు. వాటి కిందినుంచి ఇంకో అణువు మొదలుపెట్టవచ్చు. అలా ఒకే ఫైల్లో లక్ష అణువులు పెట్టినా అభ్యంతరం లేదు. ఈ పద్ధతి అమెరికాలోని ఎండీఎల్ అనే కంపెనీది. పరమాణువుల సంఖ్య రాయడానికి మూడు గళ్లే ఇచ్చారు కాబట్టి 999 దాటితే చోటు చాలదు. దానికి కొత్త కూర్పు వచ్చి చాలా ఏళ్లయింది. అయినా మా దగ్గరకు వచ్చేవన్నీ పాతవే, ఎందుకంటే మాత్రల్లో ఉండే అణువుల్లో అత్యధికం వంద, నూటయాభై పరమాణువుల లోపే.

నోట్‌ప్యాడ్‌లో నేను చూడమనేది మూడో నిలువు వరస. అక్కడ పైనుంచి కిందిదాకా అన్నీ సున్నాలే ఉంటే అది టూడీ ఫైలు, అణువు అప్పడంలా చదునుగా పడుంది. పబ్‌కెమ్ పేజీలో టూడీ, త్రీడీ రెండు బటన్లూ పక్కపక్కనే ఉంటాయి, తొందరలో వేలు దేనిమీదైనా పడుతుంది. డాకింగ్ సాఫ్ట్‌వేర్ నోరు తెరిచి ఏమీ అనదు. చదును అణువును తీసుకుని, దానికీ ఒక స్కోరు ఇచ్చి పంపుతుంది. ఆ స్కోరుతో పట్టికలు తయారవుతాయి, బైండింగు అయిపోతుంది, డిగ్రీ కూడా వచ్చేస్తుంది. ఓపెన్ బేబెల్, ఆర్‌డీకిట్ లాంటి ఉచిత పనిముట్లు టూడీని త్రీడీగా లేపుతాయి. కంప్యూటర్ కమాండ్లంటే బెరుకున్నవాళ్లకు అవగాడ్రో ఉంది. చేతకానిదేం కాదు, ముందు ఆ సున్నాలు కంటపడాలి.

ఇంతకీ ఆ త్రీడీ ఎవరు చూశారు? పబ్‌కెమ్‌ను అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవారు 2004లో మొదలుపెట్టారు. ఇప్పుడు అందులో పది కోట్లకు పైగా సమ్మేళనాలున్నాయి. వాటిలో త్రీడీ కనిపించేవన్నీ కంప్యూటర్ కట్టిన ఆకారాలే. బంధాల పొడవులు, కోణాలు, మెలికల శక్తిని లెక్కవేసే ఎంఎంఎఫ్‌ఎఫ్ 94 అనే సూత్రాల మూట ఒకటుంది, దానితో కడతారు. ఆ కట్టడానికి హద్దులున్నాయి. హైడ్రోజన్లు పోగా 50 పరమాణువులు మించకూడదు, తిరిగే బంధాలు 15 మించకూడదు, రెండు ముక్కలుగా ఉండే లవణాలు పనికిరావు, లోహాలు పనికిరావు. టీబీ మందు రిఫాంపిసిన్‌లో హైడ్రోజన్లు కాక 59 పరమాణువులు. క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినం. రెంటికీ అక్కడ త్రీడీ దొరకదు. పిల్లలు సైటు పనిచేయడం లేదనుకుని రాత్రి పన్నెండింటికి మళ్లీ ప్రయత్నిస్తారు.

మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్‌దీ అదే సంగతి. షుగరు మాత్ర పట్టీ మీద ఉన్న పేరునే యథాతథంగా టైపు చేస్తే లవణం పేజీ తెరుచుకుంటుంది, అందులో మెట్‌ఫార్మిన్ ఒక ముక్క, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక ముక్క. మాత్ర తయారుచేసేవాడికి లవణమే కావాలి, బరువు లెక్కలన్నీ దానితోనే. నాకు ఆ క్లోరిన్‌తో పనిలేదు, కడుపులోకి వెళ్లాక అది దాని దారి చూసుకుంటుంది. విడి మెట్‌ఫార్మిన్ పేజీలో త్రీడీ ఉంటుంది, కానీ ఆవేశం లేకుండా. మన ఒంట్లో మెట్‌ఫార్మిన్ దాదాపు అంతా ఒక ప్రోటాన్‌ను తగిలించుకుని ధనావేశంతోనే తిరుగుతుంది. కాబట్టి లవణం వద్దని విడి అణువు తెచ్చుకుంటే సరిపోదు, దానికి ఆ ప్రోటాన్‌ను మనమే తగిలించాలి. ఈ మాట ఏ డౌన్‌లోడ్ బటన్ పక్కనా రాసి ఉండదు.

ఇక పసుపు. మూలికల మీద ప్రాజెక్టు చేసే పిల్లల్లో మూడొంతుల మంది కర్క్యుమిన్ దగ్గరే ఆగుతారు. కిందటేడు నిజామాబాద్ వైపునుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. "పసుపు మా జిల్లాదే మేడమ్, అందుకే తీసుకున్నా" అంది. ఆ మాట నచ్చింది. "మంచిదే తల్లీ, ఏ కర్క్యుమిన్ కావాలి?" అన్నాను. "కర్క్యుమిన్ ఒకటే కదా మేడమ్?"

ఒకటి కాదు. పబ్‌కెమ్‌లో ఆ పేరు కొడితే మొదట వచ్చే 969516 నంబరు పేజీలో అణువు డైకీటో రూపంలో గీసి ఉంటుంది. అంటే నడుమ రెండు కార్బొనిల్ గుంపులు, వాటి మధ్య రెండు హైడ్రోజన్లున్న ఒక కార్బన్. ఆ కార్బన్ దగ్గర గొలుసు వంగుతుంది. కానీ స్ఫటికంలో చూస్తే కర్క్యుమిన్ ఈనాల్ రూపంలో ఉంటుంది. ఒక హైడ్రోజన్ కార్బన్‌ను వదిలి ఆక్సిజన్ పక్కకు చేరి, రెండు ఆక్సిజన్ల మధ్య వంతెన కడుతుంది. దాంతో నడుమ భాగం చదునై బిగుసుకుంటుంది. చాలా ద్రావణాల్లోనూ ఈనాలుదే పైచేయి. రెండు ఫైళ్లనూ ఒకే ప్రొటీన్‌లో పెట్టి చూడమన్నాను ఆ అమ్మాయిని. వంగినది ఒకచోట కూర్చుంది, బిగిసినది ఇంకోచోట. స్కోర్లూ కలవలేదు. "మరి రిపోర్టులో ఏది రాయాలి మేడమ్?" అంది. రెండూ రాసి, ఎందుకు రాశావో కూడా రాయమన్నాను. గైడుగారికి అంత ఉత్సాహం లేకపోయిందని తర్వాత చెప్పింది, పేజీలు పెరిగితే ఆయనకు సంతోషమే అయినా.

మన ఊళ్లోనే ఈ అణువు స్ఫటికాల మీద మంచి పని జరిగింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అశ్విని నాంగియా బృందం 2011లో కర్క్యుమిన్‌కు కొత్త స్ఫటిక రూపాలను చూపించింది. అణువు అదే, పేర్చుకునే తీరు వేరు, కరిగే వేగమూ వేరు. ఆ స్ఫటిక నిర్మాణాల ఫైళ్లు దించుకోవచ్చు. జిల్లా పసుపు మీద అభిమానమున్న పిల్లకు చెప్పడానికి ఇంతకంటే మంచి సంగతి నా దగ్గర లేదు.

అభిమానానికి నీళ్లు చల్లే సంగతి కూడా ఉంది, అదీ చెప్పాను. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో కర్క్యుమిన్ మీద ఒక సమీక్ష వచ్చింది. ఈ అణువు నిలకడ లేనిది, అడ్డమైనవాటితోనూ చర్య జరుపుతుంది, తనంతట తాను వెలుగుతూ పరీక్షలను తప్పుదోవ పట్టిస్తుంది, నోటితో తీసుకుంటే రక్తంలోకి చేరేది బహు స్వల్పం, నూట ఇరవైకి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా ప్లాసిబోతో పోల్చి చేసిన డబుల్ బ్లైండ్ ట్రయల్ ఒక్కటీ నెగ్గలేదు అని దాని సారం. ఇది తెలిసి కూడా ఏటా కొత్త ప్రొటీన్‌తో కర్క్యుమిన్ డాకింగ్ పేపర్లు వస్తూనే ఉంటాయి. కారణం పసుపు మహిమ కాదని నా అనుమానం. ఫైలు చేతికి అందేంత దూరంలో ఉంది, అంతే. పైగా అంగట్లో కర్క్యుమిన్ పేరుతో అమ్మే పొడిలో డీమిథాక్సీ, బిస్‌డీమిథాక్సీ అనే ఇద్దరు తోబుట్టువులు కూడా కలిసే ఉంటారు. ల్యాబులో పరీక్షించింది ముగ్గురి మిశ్రమాన్ని, కంప్యూటర్లో చూసింది ఒక్కదాన్ని.

అణువుకు పేరు నమ్మదగిన చిరునామా కాదని ఈ పనిలోకి వచ్చిన కొత్తలోనే తెలిసిపోతుంది. పారాసిటమాల్ అమెరికాలో అసిటమినోఫెన్. రసాయనాలకు ఇచ్చే కాస్ నంబరు కొంత నయం, దాని చివరి అంకె తనిఖీ కోసమే ఉంది. ఆస్పిరిన్‌ది 50-78-2. చివరి 2ను పక్కన పెట్టి మిగతా అంకెలను కుడినుంచి వరసగా 1, 2, 3, 4తో హెచ్చవేసి కూడితే 8, 14, 0, 20 కలిసి 42. దాని చివరి అంకె 2, సరిపోయింది. క్లయింట్ ఎక్సెల్ షీట్ పంపితే ముందు ఈ లెక్క నడిపిస్తాను. టైపింగు పొరపాట్లు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి. ఎక్సెల్ తన తెలివి చూపించినవీ కొన్ని ఉంటాయి. 19తో మొదలయ్యే నాలుగంకెలు, మధ్యలో 12 లోపు సంఖ్య, చివర ఒక అంకె ఉందా, అది తేదీయే అనుకుని మార్చేస్తుంది. అణువు బదులు ఎవరిదో పుట్టినరోజు వస్తుంది మాకు.

పబ్‌కెమ్ సొంత నంబర్లు కూడా శాశ్వతం కావు. ఫోలిక్ ఆమ్లం సంగతి చూడండి. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలకు నాయకత్వం వహించిన 1940లలో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసిన అణువు అది. పాత పేపర్లలో దాని పబ్‌కెమ్ నంబరు 6037. ఇప్పుడు 135398658. అణువులో ఒక హైడ్రోజన్ నైట్రోజన్ మీద ఉందని గీయాలా ఆక్సిజన్ మీద ఉందని గీయాలా అన్నచోట పబ్‌కెమ్ నియమం మారింది, దాంతో ఇలాంటి అణువులు ఎన్నో కొత్త నంబర్లకు మారాయి.

అందుకని నేను దాచుకునేది ఇంచీ కీ. ఐయూప్యాక్ వాళ్ల పద్ధతి ఇది. అణువు నిర్మాణాన్ని నిర్ణీత నియమాలతో కుదించి గీతలతో కలిపి 27 అక్షరాలకు తెస్తుంది. మొదటి 14 అక్షరాలు అస్థిపంజరానికి. కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అనేది తర్వాతి ముక్కలో ఉంటుంది. దూలగొండి గింజల్లో ఉండే ఎల్-డోపాకు, దాని అద్దపు ప్రతిబింబానికి మొదటి ముక్క ఒకటే, రెండో ముక్క వేరు. పార్కిన్సన్స్ రోగికి పనిచేసేది ఎల్ ఒక్కటే. ఎవరైనా వట్టి డోపా అని వెతికి, వాటం గుర్తించని ఫైలు తెచ్చుకుంటే, త్రీడీ కట్టే ప్రోగ్రాం తనకు తోచిన వాటాన్ని కట్టి ఇస్తుంది, అడగదు, చెప్పదు. రెండో ముక్కను సరిచూసుకుంటే ఆ సంగతి బయటపడుతుంది. ఫోలిక్ ఆమ్లం నంబరు మారినా దాని ఇంచీ కీ మారలేదు, ఎందుకంటే నైట్రోజన్, ఆక్సిజన్ల మధ్య తిరిగే హైడ్రోజన్‌ను ఆ పద్ధతి ఒకటిగానే లెక్కిస్తుంది. కార్బన్ మీదినుంచి ఆక్సిజన్ మీదికి దూకే హైడ్రోజన్‌ను మాత్రం మామూలు అమరికలో అలా చూడదు. కాబట్టి కర్క్యుమిన్ రెండు రూపాలకూ రెండు కీలు. ఎంత పకడ్బందీ పద్ధతి పెట్టినా పసుపు దగ్గర మళ్లీ మనిషే కూర్చుని చూసుకోవాలి.

కంప్యూటర్ కట్టిన ఆకారం వద్దు, ఎక్స్‌రే చూసింది కావాలంటే రెండు పెద్ద ఖజానాలున్నాయి. చిన్న అణువులకు కేంబ్రిడ్జ్‌లోని సీసీడీసీ. ఓల్గా కెన్నార్డ్ అనే ఆవిడ 1965లో మొదలుపెట్టారు, 2019కల్లా పది లక్షల స్ఫటిక నిర్మాణాలు చేరాయి. హైదరాబాద్‌కు ఆ ఖజానాతో పాత బంధుత్వమే. గౌతమ్ దేశిరాజు సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్న కాలంలో క్రిస్టల్ ఇంజినీరింగ్‌కు ఇక్కడ పునాది పడింది. అణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో తెలుసుకోవడానికి ఆ నిర్మాణాలను వేలల్లో జల్లెడ పట్టారు ఇక్కడి విద్యార్థులు. ఒక్కో నిర్మాణాన్నైతే ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మొత్తం ఖజానాను, దాన్ని శోధించే సాఫ్ట్‌వేర్‌ను వాడాలంటే లైసెన్సు. లైసెన్సు లేని కాలేజీ పిల్లలకు నేను క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్ చూపిస్తాను, 2003 నుంచి ఉంది, అంతా ఉచితం.

అక్కడ దొరికే సిఫ్ ఫైలుకు దాని తిక్కలు దానికున్నాయి. స్ఫటిక సౌష్ఠవం అణువు నడిమధ్యగుండా వెళ్తే సగం అణువునే రాస్తారు, మిగతా సగం నియమం ప్రకారం మనం పూరించుకోవాలి. తెరిస్తే అర్ధభాగమే కనబడి ఫైలు పాడైందనుకుంటారు పిల్లలు. ఎక్స్‌రేకు కనపడేది ఎలక్ట్రాన్లు కాబట్టి, ఉన్న ఒక్క ఎలక్ట్రానునూ బంధంలో పెట్టిన హైడ్రోజన్ అసలు చోటుకంటే దగ్గరగా కనిపిస్తుంది. కార్బన్–హైడ్రోజన్ దూరం న్యూట్రాన్లతో కొలిస్తే 1.08 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉంటే, ఎక్స్‌రే ఫైళ్లలో 0.95 దగ్గర కనిపిస్తుంది. క్వాంటం లెక్కలు చేయబోయే ముందు ఆ హైడ్రోజన్లను బయటికి జరపాలి.

రెండోది ప్రొటీన్ డేటా బ్యాంక్ (పీడీబీ). 1971లో ఏడు నిర్మాణాలతో మొదలై రెండు లక్షలు దాటింది. ఇందాకటి రిఫాంపిసిన్‌కు నేను వెళ్లేది అక్కడికే. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌లో అది కూర్చున్న నిర్మాణం 2001లో వచ్చింది. మందు తన పని చేసేచోట ఏ భంగిమలో ఉందో అందులో కనిపిస్తుంది. ఏ సూత్రాల మూటా అంత నమ్మకంగా చెప్పలేదు. కాకపోతే పీడీబీ ఫైలునుంచి మందును కత్తిరించి తీసుకుంటే అందులో మామూలుగా హైడ్రోజన్లు ఉండవు, ఏది జంట బంధమో రాసి ఉండదు. ప్రోగ్రాం దూరాలు చూసి ఊహిస్తుంది, రిఫాంపిసిన్ లాంటి చిక్కుముడి దగ్గర బోల్తా పడుతుంది. అదే సైట్లో ఆ మందుకు విడిగా ఒక పేజీ ఉంటుంది, బంధాలన్నీ సరిగా రాసిన ఎస్‌డీఎఫ్ దొరుకుతుంది. భంగిమ అక్కడినుంచి, బంధాలు ఇక్కడినుంచి తీసుకుని కలుపుకుంటాను.

మూలికల పిల్లలకు మాత్రం ఈ మధ్య పని తేలికైంది. చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్ వాళ్లు ఇంపాట్ అనే భాండాగారం కట్టారు. రెండో కూర్పులో 4,010 భారతీయ ఔషధ మొక్కలు, 17,967 రసాయనాలు. మొక్క పేరుతో వెతికితే ఏ భాగంలో ఏముందో చెప్పి, ఫైలును కావలసిన రూపంలో ఇస్తుంది. వేరులో ఉన్నదాన్ని ఆకులో ఉందని రాసుకొచ్చేవాళ్లను నేరుగా అక్కడికి పంపుతున్నాను.

ఫోను పెట్టబోయే ముందు చాలామంది అడిగేది ఇంకోటుంది: "రెండు వేల కాంపౌండ్లున్నాయి మేడమ్, ఒక్కొక్కటీ నొక్కాలా?" అక్కర్లేదు. పబ్‌కెమ్‌లో నంబర్ల జాబితా ఎక్కించి ఒక్క మూటగా దించుకోవచ్చు, లేదా చిన్న స్క్రిప్టు రాసుకోవచ్చు. స్క్రిప్టు రాసేవాళ్లకు ఒక నియమముంది, సెకనుకు ఐదు విన్నపాలు మించకూడదు. మించితే తలుపు వేసేస్తారు, మీ ఒక్కరికే కాదు, ఒకే ఇంటర్నెట్ చిరునామా మీద ఉన్న కాలేజీ మొత్తానికి తగలొచ్చు. కాబట్టి ప్రతి విన్నపం తర్వాత పావు సెకను ఆగమని రాయండి. దించినవాటికి పక్కన ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి ఎక్కడినుంచి, ఏ తేదీన, ఏ నంబరు, ఇంచీ కీ ఏమిటి, ఆ తర్వాత మీరు చేసిన మార్పులేమిటి, ఉప్పు తీసేశారా, ప్రోటాన్ తగిలించారా, కీటోయా ఈనాలా, అన్నీ రాసుకోండి. ఆ టెక్స్ట్ ఫైలు నాకు పంపితేనే మిగతా డాకింగ్ సంగతి మాట్లాడతానని చెప్పి పెట్టేస్తాను. కొందరు పంపుతారు.